ఆపే బటన్ లేని కంట్రోల్ రూమ్: అరిజోనాలో టైటాన్ మిసైల్ మ్యూజియం

నేను థర్మల్ పవర్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం కంట్రోల్ రూమ్‌లో, షిఫ్టుల్లో. అమెరికాలో అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా అల్లుడు చూడదగ్గ చోట్లన్నీ తిప్పుతాడు. కాన్యన్లు, డ్యాములు, ఎడారి పార్కులు అన్నీ అయ్యాయి. ఈసారి నేనే అడిగి మరీ వెళ్ళిన చోటు టైటాన్ మిసైల్ మ్యూజియం. అరిజోనాలో టూసాన్‌కి దక్షిణంగా, సహువరీటా అనే ఊళ్ళో ఉంది. ఇన్నేళ్ళలో ఇక్కడ నేను చూసిన వాటిలో దీన్ని మించింది లేదు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని "పిల్లలకి రాకెట్ చూపించే చోటు" అనుకుని దాటేస్తున్నారు. బయల్దేరే ముందు అల్లుడు చూసిన ఒక ట్రావెల్ సైట్‌లో కూడా అరగంట చాలని రాశారు. మేము మూడు గంటలున్నాం, నాకైతే చాల్లేదు.

ఫీనిక్స్ నుంచి రెండు గంటల పైగా ప్రయాణం. టూసాన్ దాటి ఇంటర్‌స్టేట్ 19 ఎక్కగానే బోర్డుల మీద దూరాలన్నీ కిలోమీటర్లలో కనిపించాయి. అమెరికాలో ఆ రోడ్డు ఒక్కటే అలా ఉంటుందని అల్లుడు చెప్పాడు. ఆ దేశంలో మొదటిసారి నేను లెక్క వేసుకోకుండా ఎంత దూరం ఉందో చదువుకోగలిగాను. రోడ్డు దిగాక మాత్రం చూడ్డానికి ఏమీ ఉండదు. తుప్పలు, గులకరాళ్ళు, ముళ్ళకంచె, రెండు మూడు యాంటెన్నాలు. 1963 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు ఈ కంచె లోపల, నేల కింద, హిరోషిమా మీద వేసిన బాంబుకి దాదాపు 600 రెట్లు శక్తి ఉన్న వార్‌హెడ్, అంటే క్షిపణి కొనకి అమర్చే అణుబాంబు, ఒకటి రాత్రీ పగలూ సిద్ధంగా ఉండేది. అక్షరాలా 9 మెగాటన్నులు. చుట్టుపక్కల బళ్ళు మామూలుగా తిరుగుతూనే ఉండేవి.

సోవియట్‌తో పోటీ రోజుల్లో అమెరికా మోహరించిన టైటాన్-2 అణు క్షిపణులు మొత్తం 54. టూసాన్ చుట్టూ 18, కాన్సస్ రాష్ట్రంలో విచిటా చుట్టూ 18, ఆర్కాన్సాలో లిటిల్ రాక్ ప్రాంతంలో 18. 1987 నాటికి అన్నీ తీసేశారు. 53 సైలోలను, అంటే క్షిపణిని నిలబెట్టే భూగర్భ బావులను, పేల్చి పూడ్చేశారు. మిగిలింది ఇదొక్కటే, దీని నంబరు 571-7. కాబట్టి ఇక్కడ చూసేది నమూనా కాదు. అసలు గది, అసలు తలుపులు, అసలు కన్సోళ్ళు.

ముందు పైన చిన్న పరిచయం ఉంటుంది. తర్వాత గైడ్ వెంట 55 మెట్లు దిగాలి. పొడుగ్గా ఉన్నవాళ్ళకి హెల్మెట్ ఇస్తారు, ఇనుప దూలాలు తలకి తగలకుండా. మాలో అల్లుడికి ఇచ్చారు. మెట్లు సగంలో గైడ్ ఒక చిన్న జాగా దగ్గర ఆపాడు. డ్యూటీకి వచ్చినవాళ్ళు ఇక్కడ నిలబడి లోపలికి ఫోన్ చేసి, ఆ రోజుకి ఇచ్చిన కోడ్ చదవాలట. చదివాక ఆ కాగితాన్ని అక్కడే అగ్గిపెట్టి కాల్చి డబ్బాలో వేయాలి. అప్పుడే తర్వాతి తలుపు తెరుచుకునేది. నేను గేటు పాస్ చూపించి సెక్యూరిటీకి దండం పెట్టి లోపలికి వెళ్ళే రోజులు గుర్తొచ్చాయి. మా దగ్గర ఆలస్యమైతే అటెండెన్స్ పోయేది. ఇక్కడ నిర్ణీత వ్యవధిలో చెప్పాల్సింది చెప్పకపోతే తుపాకులతో మనుషులు వచ్చేస్తారు.

కింద బ్లాస్ట్ డోర్లు. ఒక్కొక్కటీ దాదాపు మూడు టన్నులు. గైడ్ ఒక చేత్తో తోస్తే నెమ్మదిగా, చప్పుడు లేకుండా కదిలింది. మా మనవరాలిని కూడా తొయ్యమన్నాడు, పదేళ్ళ పిల్ల చేతికి కదిలింది! నేను ఆగి కీళ్ళు చూశాను. అరవై ఏళ్ళ కిందటి ఫిటింగ్, ఒక్క పిసరు ఒరగలేదు. ఆ అలైన్‌మెంట్ చేసిన మనుషులెవరో గానీ వాళ్ళకి నమస్కారం. జంటగా ఉన్న తలుపుల్లో ఒకటి మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోకుండా ఇంటర్‌లాక్ పెట్టారు. ఇలాంటివి నేను రోజూ చూసినవే, అయినా దేనికోసం పెట్టారో తెలిసి చూస్తే వేరుగా ఉంటుంది.

ఇక కంట్రోల్ రూమ్. నా దృష్టిలో ఈ మ్యూజియానికి ప్రాణం ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

గుండ్రటి గది. లేత ఆకుపచ్చ రంగు క్యాబినెట్లు. ఆ కాలపు కంట్రోల్ రూములన్నిటికీ అదే రంగు కాబోలు, నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా పాత యూనిట్ ప్యానెళ్ళు కూడా ఇదే రంగు. మూడు అంతస్తుల ఉక్కు నిర్మాణాన్ని గోడకి తగలకుండా ఎనిమిది పెద్ద స్ప్రింగుల మీద వేలాడదీశారు, దగ్గర్లో బాంబు పడి భూమి అదిరినా లోపలివాళ్ళు కుర్చీల్లో ఉండి పని చేయగలగాలని. గది అంచున నిలబడి కిందికి చూస్తే నేలకీ గోడకీ మధ్య సందు కనిపిస్తుంది. తప్పకుండా చూడండి, చాలామంది కన్సోల్ వైపే చూస్తూ దాన్ని వదిలేస్తున్నారు.

ఒక షిఫ్టుకి నలుగురు, 24 గంటల డ్యూటీ. కమాండర్, డిప్యూటీ కమాండర్, ఇద్దరు టెక్నీషియన్లు. గోడ మీద "నో లోన్ జోన్" అని రాసి ఉంటుంది. అంటే కీలకమైన చోట ఏ ఒక్కరూ ఒంటరిగా ఉండకూడదు. ఎర్ర రంగు ఇనప్పెట్టె ఒకటి ఉంది, దానికి రెండు నంబరు తాళాలు. ఎవరి తాళం వాళ్ళదే, ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. మా ప్లాంటులో మెషీన్ ఆపి లోపల రిపేరు చేసేటప్పుడు పనిలో ఉన్న ప్రతివాడూ తన తాళం తాను వేసేవాడు. అందరూ బయటికొచ్చి అన్ని తాళాలూ తీస్తే గానీ మెషీన్ మళ్ళీ తిరగదు. పద్ధతి అదే.

మా గైడ్ ఒకప్పుడు ఇలాంటి సైట్లో పనిచేసినవాడే. గుంపులో ఎవరో అడగకముందే నేను అల్లుడి ద్వారా ఒక ప్రశ్న వేయించాను: షిఫ్ట్ హ్యాండోవర్ ఎలా ఉండేది? ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న ఇదివరకు ఎవరూ అడగలేదట. తాళాలు మార్చుకోవడం, తాళంచెవులు ఉన్నాయో లేవో చూసి సంతకం పెట్టడం, ప్రతి పరికరమూ చెక్‌లిస్ట్ పట్టుకుని తిరిగి చూడడం, అన్నీ చేతులు కదుపుతూ చెప్పాడు. చివరికి నా వైపు తిరిగి "మీరు ఏ ప్లాంటు?" అని అడిగాడు. ఒకే పని చేసినవాళ్ళకి భాష అడ్డు కాదు.

తర్వాత డెమో. స్పీకర్లో సందేశం వస్తుంది. ఇద్దరు ఆఫీసర్లూ విడివిడిగా రాసుకుని, పోల్చి చూసుకుంటారు. సరిపోతే ఎర్ర పెట్టె తెరిచి, లోపలున్న కోడ్‌తో సరిచూసి, తాళంచెవులు తీస్తారు. కమాండర్ కుర్చీలో కూర్చోవడానికి ఒకరిని పిలుస్తారు. మా మనవరాలిని పిలిచారు. డిప్యూటీ జాగాలో గైడ్ నిలబడ్డాడు. రెండు కీ స్విచ్‌ల మధ్య దూరం ఒక మనిషి రెండు చేతులూ చాచినా అందనంత. మా బాయిలర్‌కి ఎమర్జెన్సీ ట్రిప్ కొట్టాలంటే కూడా రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి, పొరపాటున మోచెయ్యి తగిలి యూనిట్ ఆగిపోకుండా. కానీ అవి పక్కపక్కనే ఉంటాయి, ఒక్కడే రెండు చేతులతో నొక్కొచ్చు. ఇక్కడ ఒక్కడికి సాధ్యం కాకూడదు.

గైడ్ మూడు లెక్కపెట్టాడు. ఇద్దరూ కలిసి కీ తిప్పి ఐదు సెకన్లు పట్టుకున్నారు. గంట మోగింది. ప్యానెల్ మీద ఒక్కో దీపం వెలగడం మొదలైంది. లాంచ్ ఎనేబుల్. బ్యాటరీలు యాక్టివేటెడ్. సైలో సాఫ్ట్, అంటే పైన తలుపు తెరుచుకుంటోందని. గైడెన్స్ గో. ఫైర్ ఇన్ ది ఇంజిన్. లిఫ్టాఫ్. కీ తిప్పినప్పటి నుంచి 58 సెకన్లు. ఎక్కడికి వెళ్ళేది? కన్సోల్ మీద టార్గెట్ 1, 2, 3 అని మూడు బటన్లు మాత్రమే ఉన్నాయి. ఆ నంబర్ల వెనక ఉన్న ఊళ్ళేమిటో కూర్చున్నవాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు. అరగంటలో చేరిపోతుంది.

మా మనవరాలు ఇంకా కీ పట్టుకునే ఉంది. "తాతయ్యా, వెనక్కి తిప్పితే ఆగుతుందా?" అని తెలుగులోనే అడిగింది. అల్లుడు ఆ మాట గైడ్‌కి చెప్పాడు. ఆయన నవ్వలేదు. వెనక్కి తిప్పినా ఏమీ కాదని, బయల్దేరాక దారి మళ్ళించడానికి గానీ గాల్లోనే పేల్చేయడానికి గానీ ఏ ఏర్పాటూ లేదని చెప్పాడు.

నాకు ఒళ్ళు చల్లబడింది. నేను ముప్పై నాలుగేళ్ళు కూర్చున్న గదిలో ప్రతి ప్యానెల్ మీదా అన్నిటికంటే పెద్ద బటన్, ఎర్ర బటన్, ఆపడానికి. ఏం అర్థం కాకపోతే ట్రిప్ చెయ్యి, తర్వాత ఆలోచిద్దాం, కొత్త కుర్రాళ్ళకి నేను నేర్పిన మొదటి పాఠం అదే. ఈ గదిలో మొదలుపెట్టే ముందు ఎన్ని తాళాలు, ఎన్ని కోడ్‌లు, ఎంత జాగ్రత్తో! మొదలయ్యాక ఆపే బటన్ ఒక్కటి లేదు. ఎక్కడ చదివినా నాకిది ఇంతగా తగల్లేదు. ఆ కుర్చీ పక్కన నిలబడితే తగిలింది.

ఇక్కడ ఒక నేపథ్యం తెలుసుకుని వెళ్తే మంచిది. 1962 అక్టోబర్‌లో క్యూబాలో సోవియట్ క్షిపణులున్నట్టు అమెరికా గూఢచారి విమానం ఫొటోలు తీసింది. అప్పటికి సోవియట్ దగ్గర సొంత గడ్డ మీది నుంచి అమెరికాని అందుకునే క్షిపణులు చాలా తక్కువ. మరోవైపు అమెరికా తన జూపిటర్ క్షిపణులను సోవియట్ గుమ్మం ముందే, టర్కీలో పెట్టింది. ఆ 13 రోజుల్లో అమెరికా అధ్యక్షుడు కెనడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. అక్టోబర్ 26న క్రుశ్చేవ్ పంపిన పొడవాటి ఉత్తరం వాషింగ్టన్ చేతికి పూర్తిగా అందడానికి దాదాపు 12 గంటలు పట్టింది. వాషింగ్టన్‌లో సోవియట్ రాయబారి డోబ్రినిన్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం, ఆయన మాస్కోకి పంపాల్సిన టెలిగ్రాములను సైకిల్ మీద వచ్చే కుర్రాడు తీసుకెళ్ళేవాడు. అక్టోబర్ 27న క్యూబా మీద ఒక అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చేశారు, పైలట్ చనిపోయాడు. మర్నాడు క్షిపణులు వెనక్కి తీసుకుంటున్నానని క్రుశ్చేవ్ ఒప్పుకున్నప్పుడు ఆ జవాబును మాస్కో రేడియోలో చదివించేశారు. మామూలు దారిలో పంపేంత టైమ్ లేదు మరి.

ఈ సైలోలు అప్పటికింకా కట్టుబడిలో ఉన్నాయి. అప్పట్లో డ్యూటీలో ఉన్న అట్లాస్ లాంటి పాత క్షిపణులకి ప్రయోగానికి ముందు ద్రవ ఆక్సిజన్ నింపుకోవాలి, పావుగంట పట్టేది. టైటాన్-2కి ఆ బాధ లేదు. ఇంధనమూ దాన్ని మండించే ఆక్సిడైజరూ నెలల తరబడి ట్యాంకుల్లోనే ఉంటాయి, ఒకదానికొకటి తగలగానే వాటంతటవే అంటుకుంటాయి. అందుకే 58 సెకన్లు. 1963లో టైటాన్-2 డ్యూటీకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా మాట పంపే హాట్‌లైన్ మొదలైంది. అది కూడా ఎర్ర టెలిఫోన్ కాదు, టెలిప్రింటర్. ఒకే ఏడాది వచ్చాయి రెండూ. అప్పటిదాకా మాటకి సైకిల్, బాంబుకి రాకెట్. గైడ్ అరనిమిషంలో చెప్పి దాటిపోయే విషయం ఇది, కానీ కన్సోల్ ముందు నిలబడి ఆ 58 సెకన్లు లెక్కపెడుతుంటే నా మనసులో తిరిగింది ఈ సంగతే.

కంట్రోల్ రూమ్ నుంచి పొడవాటి సొరంగం గుండా సైలో దగ్గరికి తీసుకెళ్తారు. అద్దంలోంచి క్షిపణి కనిపిస్తుంది. 103 అడుగుల ఎత్తు. ఇది శిక్షణకి వాడినది, ఇంధనం ఎప్పుడూ నింపలేదు. చూడ్డానికి గొప్పగానే ఉంటుంది, ఫొటోలు అందరూ తీసుకుంటారు. నేను మాత్రం పక్కనున్న మెయింటెనెన్స్ ప్లాట్‌ఫారాలు చూస్తూ నిలబడ్డాను. 1980 సెప్టెంబర్ 18న ఆర్కాన్సాలోని డమాస్కస్ దగ్గర ఇలాంటి సైలోలోనే, పనిచేస్తున్న కుర్రాడి చేతిలోంచి రెంచికి తగిలించే పెద్ద సాకెట్ ఒకటి జారింది. నాలుగు కిలోల దాకా బరువు. ప్లాట్‌ఫారం సందులోంచి కిందపడి, ఎగిరి తగిలి, ఇంధనం ట్యాంకుకి చిల్లు పెట్టింది. తెల్లవారుజామున సైలో పేలిపోయింది. ఒక ఎయిర్‌మన్ చనిపోయాడు. వార్‌హెడ్ బయటికి ఎగిరిపడింది గానీ పేలలేదు. అంతకుముందు 1965లో అదే ఆర్కాన్సాలో సియర్సీ అనే ఊరి దగ్గర మరో సైలోలో మంటలు లేచి 53 మంది పనివాళ్ళు చనిపోయారు.

చేతిలోంచి స్పానర్ జారడం ఏమిటో నాకు తెలుసు. ఒకసారి టర్బైన్ ఫ్లోర్ మీది నుంచి నా కళ్ళ ముందే ఒక హెల్పర్ చేతిలోది పడింది. కింద కాంక్రీటు మీద పడ్డ చప్పుడుకి అందరం కొయ్యబారిపోయాం, ఎవరికీ తగల్లేదని తెలిశాక గానీ ఊపిరి రాలేదు. ఆ డమాస్కస్ కుర్రాడికి సాకెట్ చేతిలోంచి వదిలిన ఆ రెండు సెకన్లు ఎలా ఉండి ఉంటాయో. రెండు దేశాల మధ్య పోటీ అంటే మనకి కెనడీ, క్రుశ్చేవ్‌ల ఫొటోలే గుర్తొస్తాయి. ఇందులో యుద్ధం లేకుండానే పోయిన ప్రాణాలు ఇలా రెంచీలు పట్టుకున్నవాళ్ళవి.

పైకి వచ్చాక సైలో తలుపు దగ్గరికి తప్పకుండా వెళ్ళండి. 700 టన్నులకు పైగా బరువున్న కాంక్రీటు, ఉక్కు పలక. సగం తెరిచి, ఇక కదలకుండా అడ్డంగా కాంక్రీటు దిమ్మలు పెట్టేశారు. క్షిపణి ముందుభాగానికి పెద్ద రంధ్రం కోసి ఉంచారు. సోవియట్ ఉపగ్రహాలు పైనుంచి చూసి, ఇది ఇక ఎగరదని ఖాయం చేసుకోవడానికి చేసిన ఏర్పాటు. కింద ఎవరినీ నమ్మకుండా రెండేసి తాళాలు వేసుకున్నవాళ్ళు, పైన అవతలివాళ్ళు వచ్చి చూసుకునేలా తలుపు తెరిచి పెట్టారు. అక్కడ నేను చాలాసేపు నిలబడ్డాను. మా ఆవిడ ఎండలో ఇంక చాలు పదమంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, కిందికి గైడ్‌తోనే పంపిస్తారు, గుంపుకి ఇంతమంది అని లెక్క ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే మెట్ల సంగతి ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి. మా ఆవిడ నెమ్మదిగా దిగింది, ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగింది, ఎవరూ తొందరపెట్టలేదు. కంట్రోల్ రూమ్‌లో కమాండర్ కుర్చీకి దగ్గరగా నిలబడితే దీపాలు బాగా కనిపిస్తాయి. టూర్ ముక్కాలు గంట ఉంటుంది, దాని తర్వాత పైన తిరగడానికి కనీసం ఇంకో గంట పెట్టుకోండి. ఇంజిన్లు, ఇంధనం నింపేవాళ్ళు తొడుక్కునే రబ్బరు సూట్లు అన్నీ అక్కడే ఉన్నాయి. మరీ చిన్నపిల్లలకి విసుగు పుడుతుంది. పది దాటిన పిల్లలైతే ప్రశ్నలతో చంపేస్తారు, మంచిదే. 1978 నుంచి ఆడవాళ్ళు కూడా ఈ డ్యూటీలు చేశారని తెలిసి మా అమ్మాయి ఆ విషయమే గైడ్‌ని గుచ్చి గుచ్చి అడిగింది.

అవతలివైపు గది కూడా చూడాలని ఇప్పుడు నా కోరిక. యుక్రెయిన్‌లో పెర్వోమాయిస్క్ దగ్గర సోవియట్ కాలపు భూగర్భ కమాండ్ పోస్టును ఇలాగే మ్యూజియంగా ఉంచారు. అక్కడా రెండు కుర్చీలే. యుద్ధం ఆగి, నా ఒంట్లో ఓపిక ఉంటే వెళ్తాను. ఈలోగా ఇక్కడే సైలో అట్టడుగు దాకా దింపి చూపించే పెద్ద టూర్ ఒకటి ఉందట, కొన్ని గంటలు పడుతుందట. వచ్చే ఏడాది దానికి నా పేరూ మనవరాలి పేరూ రాయించమని అల్లుడికి చెప్పాను. ఆ ప్లాట్‌ఫారం సందు ఎంత వెడల్పుందో దగ్గర నుంచి చూడాలి.